పట్నంలో పని, పిల్లలకు చార్మినార్: గది శివారులోనా, నగరంలోనా?

నల్గొండ: బత్తాయి సీజన్ కాపు కోతకు వచ్చేది ఆగస్టు మొదలు అక్టోబరు దాకా. దసరా సెలవులు వచ్చేదీ ఆ రోజుల్లోనే. లోడుతో హైదరాబాద్ పోయే రైతును “ఈసారి మమ్మల్ని కూడా తీసుకుపో” అని పిల్లలు పట్టుబట్టేదీ అప్పుడే. సరుకు అమ్మినట్టూ ఉంటుంది, చార్మినార్ చూపించినట్టూ ఉంటుందని ఇంటిల్లిపాదీ బయలుదేరతారు. బస్సు పట్నం పొలిమేర చేరాకగాని అసలు ప్రశ్న ఎదురుకాదు. రాత్రికి ఎక్కడ దిగాలి? హయత్‌నగర్, ఎల్బీనగర్ వంటి శివారులోనా, లేక అఫ్జల్‌గంజ్, కాచిగూడ, నాంపల్లి వంటి నడిబొడ్డులోనా?

శివారులో గది చౌక, నగరంలో ఖరీదు అన్న ఒక్క మాటతో చాలామంది తేల్చేసుకుంటారు. అది సగం లెక్క మాత్రమే. మిగతా సగం మీ పని ఎన్ని గంటలకు మొదలవుతుందన్న దానిపై ఆధారపడి ఉంది. చూడదగిన ప్రదేశాలు పది గంటలకు పోయినా ఉంటాయి, మధ్యాహ్నం పోయినా ఉంటాయి. మార్కెట్లో వేలంపాట మాత్రం మీ కోసం ఆగదు.

హైదరాబాద్ లాడ్జీలు రైల్వేస్టేషన్ల చుట్టూ పుట్టినవి. సికింద్రాబాద్ స్టేషన్ 1874లో, నాంపల్లి 1907లో, కాచిగూడ 1916లో వచ్చాయి. రైలు దిగినవాడు సంచీ భుజాన వేసుకుని నడిచిపోయేంత దూరంలో బసలు వెలిశాయి. మన జిల్లావారిలో ఎక్కువమంది బస్సు మీద పోయేవారే. నార్కట్‌పల్లి, చౌటుప్పల్ మీదుగా పోయే బస్సయినా, దేవరకొండ నుంచి సాగర్ రోడ్డున వచ్చే బస్సయినా మొదట తగిలేది ఎల్బీనగరే. మెట్రో రైలు 2018 సెప్టెంబరులో అక్కడిదాకా వచ్చాక ఎల్బీనగర్ మన జిల్లాకు తలవాకిలి అయింది. ఒకప్పుడు దిల్‌సుఖ్‌నగర్ అంటేనే శివారు. ఇప్పుడు ఆ మాట అంటే నవ్విపోతారు.

బత్తాయి రైతులకు కొత్తపేట లాడ్జి ఒక అలవాటు. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ అక్కడ ఉన్నన్నాళ్లు ఆ అలవాటు సబబే. రాత్రి లోడు దించి, రెండు గంటలు కునుకు తీసి, తెల్లవారకముందే నడిచి మార్కెట్‌కు పోయేవారు. ఆ స్థలాన్ని పెద్దాసుపత్రికి ఇవ్వడంతో మార్కెట్ 2021-22లో విజయవాడ రహదారిపై ఉన్న బాటసింగారానికి తరలిపోయింది. మార్కెట్ పోయినా అలవాటు పోలేదు. ఇప్పటికీ కొందరు లోడును బాటసింగారంలో దించి, పడుకోవడానికి కొత్తపేట దాకా పోతున్నారు. మళ్లీ చీకటితో లేచి అంత దూరమూ వెనక్కి రావాలి. మెట్రో ఉదయం 6 గంటలకుగాని కదలదు, కదిలినా ఎల్బీనగర్ దాటి రాదు. ఆ వేళలో ఆటోవాడు అడిగిందే ధర. గదిలో మిగిలిందనుకున్న డబ్బు అక్కడే పోతుంది. ఆటో దొరక్క ఆలస్యమైతే మన కాయను మనం లేకుండానే పాడేస్తారు. తక్‌పట్టీలో రాసిన ధర చూసి తర్వాత వగచి లాభమేముంది? తోట దగ్గరే గంపగుత్తగా అమ్ముకున్నవారికి ఈ బాధ లేదు గాని, వారికి ఉండే బాధలు వేరే.

కాబట్టి పండ్ల మార్కెట్ పని ఉన్నవారు మొదటి రాత్రి హయత్‌నగర్ దాటి లోపలికి పోకపోవడమే మంచిది. డీసీఎంలో లోడుతో పాటు భార్యాపిల్లలను ఎక్కించుకుపోవడం అసలే వద్దు. రాత్రంతా మార్కెట్ ఆవరణలో పసిపిల్లలతో గడపడం కష్టం. రైతు ఒక్కడూ లోడుతో రాత్రి పోయి, మిగతావారు మరునాడు పొద్దున్నే బస్సులో బయలుదేరితే సరిపోతుంది. రామోజీ ఫిల్మ్‌సిటీ కూడా బాటసింగారానికి దగ్గరలోనే, అదే రహదారి పక్కన ఉంది. 1996లో మొదలైన ఆ ఫిల్మ్‌సిటీని చూడాలనుకునేవారు నగరం నడిబొడ్డున దిగి, మళ్లీ పాతిక ముప్పయి కిలోమీటర్లు వెనక్కి రావడం చూస్తే జాలేస్తుంది. మన ఊరి నుంచి పోతూ దారిలో దిగవలసిన చోటు అది. ఎక్స్‌ప్రెస్ బస్సు అక్కడ ఆగుతుందో లేదో ఎక్కేముందే కండక్టరును అడగాలి.

అమ్మిన డబ్బు సంగతి మరువరాదు. లోడు తాలూకు సొమ్ము చేతిలో పెట్టుకుని, పిల్లలతో చార్మినార్ గుంపులో తిరగడం ఎంత దిగులో అనుభవించినవారికి తెలుసు. లాడ్జి గదిలో దాచి పోవడం అంతకన్నా దిగులు. సొమ్ము బ్యాంకు ఖాతాలో వేయమని కమీషన్ ఏజెంటుకు ముందే చెప్పి, తక్‌పట్టీ మాత్రం జేబులో పెట్టుకుంటే ఆ రోజు నిశ్చింతగా తిరగవచ్చు.

వేరే పనుల మీద పోయేవారి లెక్క ఇందుకు తలకిందులు. హైకోర్టులో వాయిదా ఉన్నవారికి శివారు గది ఎందుకు? మూసీ ఒడ్డున ఉన్న ఆ భవనానికి అఫ్జల్‌గంజ్ నుంచి నయాపూల్ దాటి నడిచిపోవచ్చు. వకీలును కలిసి బయటికి వస్తే సాలార్‌జంగ్ మ్యూజియం అదే ఒడ్డున ఉంది. ఎదురుగా రోడ్డు పట్టుకుని నడిస్తే 1591లో కట్టిన చార్మినార్ వస్తుంది. ఆటో ఖర్చు లేదు. బేగంబజారులో కొట్టు సరుకు కొనేవారికీ ఈ ప్రాంతమే అనువు. మూటలతో శివారుకు పోవడం మాటలు కాదు, పెద్ద మూటలను మెట్రోలోకి రానివ్వరు. సరుకును మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోని ఆర్టీసీ కార్గోలో బుక్ చేసి, చేతులు ఊపుకుంటూ పిల్లల వెంట తిరగడం మేలు.

రెండు పనులూ లేక, పంజాగుట్ట నిమ్స్‌లో చూపించుకోవడానికో, మరో ఆఫీసు పనికో పోయేవారికి మాత్రం ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్ వాలు ఇప్పుడు బాగుంది. మెట్రో స్టేషన్‌కు నడిచే దూరంలో గది దొరికితే చాలు, మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ పావుగంట ప్రయాణం. అదే రైలు నాంపల్లి, లక్డీకాపూల్ మీదుగా పంజాగుట్టకు పోతుంది. అయితే నలుగురు మనుషులు రోజుకు రెండుసార్లు ఎక్కితే ఎనిమిది టికెట్లు. 2025 మేలో సవరించిన తర్వాత మెట్రో చార్జీ దూరాన్నిబట్టి 11 నుంచి 69 రూపాయలైంది. శివారు గదిలో 300 రూపాయలు మిగిలిందనుకుంటే, సాయంత్రానికి అందులో ఎంత నిలిచిందో కాగితం మీద వేసి చూసుకోవాలి. ఆడవారికి 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. సిటీ బస్సులకూ అది వర్తిస్తుంది. ఇంట్లో ఆడపిల్లలు ఎక్కువ ఉన్నవారు మెట్రో కన్నా సిటీ బస్సును నమ్ముకుంటే శివారు గది నిజంగానే చౌక అవుతుంది. తెలంగాణ చిరునామా ఉన్న ఆధార్ కార్డు ఒక్కటి మరచిపోకూడదు.

గోల్కొండ, జంతు ప్రదర్శనశాల రెండూ చూడాలని ఉంటే శివారు ఆలోచన మానుకోవడం మంచిది. రెండింటికీ ఎల్బీనగర్ నుంచి మెట్రో లేదు. పిల్లలు దారిలోనే అలసిపోతారు, కోట పైదాకా ఎక్కే ఓపిక ఎవరికీ మిగలదు. జంతు ప్రదర్శనశాలకు సోమవారం, సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు. గది వెతకడానికి ముందు వారం చూసుకోవలసిన కారణం ఇదే.

ఇక లాడ్జి దగ్గర అడగవలసినవి. గది ఇచ్చిన గంట నుంచి 24 గంటలా, లేక మధ్యాహ్నం 12కు ఇచ్చి మరునాడు 11కు ఖాళీ చేయిస్తారా? తెల్లవారుజామున దిగేవారికి రెండో పద్ధతిలో సగం రోజు వరండా పాలవుతుంది. ఫోన్‌లో బుక్ చేసే గదులు చాలావరకు ఈ రెండో రకమే. “మెట్రో పక్కనే” అంటే నమ్మక, ఏ స్టేషనో, ఎంత దూరమో అడగాలి. పెద్దవారందరి గుర్తింపు కార్డులు అడుగుతారు. జీఎస్టీ వేస్తే 2025 సెప్టెంబరు 22 నుంచి 7,500 రూపాయల వరకు అద్దె గదులకు 5 శాతమే. అంతకు మించి రాస్తే బిల్లు అడగాలి. డబ్బు కట్టకముందే పైకి పోయి గది, కుళాయి చూసి రావడంలో నామోషీ ఏమీ లేదు.

తిరుగు ప్రయాణం గురించి ఒక మాట. ఎల్బీనగర్‌లో దిగడం ఎంత సులువో, పండుగ రోజుల్లో అక్కడ ఎక్కడం అంత కష్టం. బస్సులు మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోనే నిండిపోయి వస్తాయి. చంటిపిల్లతో చౌటుప్పల్ దాకా నిలబడాల్సి వస్తుంది. శివారులో బస చేసినవారు కూడా మెట్రోలో వెనక్కి పోయి, బస్సు బయలుదేరే చోటే సీటు పట్టుకోవాలి.