వాడు మళ్ళీ చెయ్యడా?

మా వీధిలో ఓ కుర్రాడున్నాడు. పేరు చెప్పను, చెప్పకూడదు కూడాను. పదహారేళ్ళప్పుడు స్నేహితులతో కలిసి ఎవరిదో స్కూటరు ఎత్తుకుపోయి పట్టుబడ్డాడు. కొన్ని నెలలకి ఇంటికొచ్చాడు. ఆ సాయంత్రమే మా అబ్బాయితో, "వాళ్ళ గుమ్మం తొక్కావంటే ఊరుకోను" అన్నాను. ఒకసారి చెయ్యి అలవాటు పడ్డవాడు మానతాడా అని నా ధీమా. మీరైనా అంతే అనేవారు కాదూ?

ఈ ప్రసంగం కోసం నాలుగు ముక్కలు చదివేసరికి ఆ ధీమా కాస్తా సడలింది. అమెరికాలో ఫిలడెల్ఫియా, ఫీనిక్స్ నగరాల్లో పెద్ద నేరాలే చేసిన 1,354 మంది పిల్లల్ని 2000 సంవత్సరం నుంచి ఏడేసి ఏళ్ళపాటు వెన్నంటి చూశారు. నేరం చేసేనాటికి వాళ్ళకి 14 నుంచి 17 ఏళ్ళు. చాలామంది తగ్గించేశారు. అదే జోరున సాగినవాళ్ళు ఏ పదోవంతో! ఎక్కువకాలం బంధించి ఉంచినంత మాత్రాన మళ్ళీ చెయ్యడం తగ్గలేదుట.

మరి ఏం మార్చింది? బుద్ధి ఎదగడం. బుద్ధంటే లెక్కలు చెయ్యడం కాదండీ. కోపమొస్తే చెయ్యెత్తబోయి ఆగడం, "రారా" అన్నవాడితో "నే రాను" అనగలగడం, రేపేమవుతుందోనని ఓ క్షణం ఆలోచించడం. ఇవి పాతికేళ్ళ దాకా ఎదుగుతూనే ఉంటాయిట. వీటిలో వెనకబడ్డవాళ్ళే ఎక్కువగా మళ్ళీ మళ్ళీ తప్పు చేశారు. 2005లో ఇంకో పరీక్ష పెట్టారు. కంప్యూటరు మీద కారు నడిపే ఆట. పక్కన స్నేహితులుంటే కుర్రాళ్ళు ఎక్కువ తెగించారు, పెద్దవాళ్ళలో అంత తేడా లేదు. మన పిల్లలు ఒక్కరే ఉన్నప్పుడు ఎంత బుద్ధిమంతులో మనకి తెలియనిదా!

మన 2015 నాటి చట్టం కూడా పద్ధెనిమిది నిండనివాళ్ళ పేరు పత్రికల్లో రాకూడదంటుంది. పదహారు దాటినవాళ్ళు ఘోర నేరం చేస్తే మాత్రం, పెద్దవాళ్ళలా విచారించాలా అన్నది జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుగా పరిశీలిస్తుంది. చట్టం పేరు దాస్తుంది, సరే. వీధి దాస్తుందా?

మొన్న వాళ్ళమ్మగారు వచ్చి, మావారికి తెలిసిన మెకానిక్ షెడ్డులో వాడికి పని చెప్పించమన్నారు. వాడికిప్పుడు పద్ధెనిమిది నిండాయి. "చూద్దాంలెండి" అన్నాను. ఆ మాటకి అర్థమేమిటో మీకూ తెలుసుగా! ఇది రాయడం ముగించి, మావారిని ఇవాళే అడగమని పంపాను. "బళ్ళ తాళాలన్నీ ఇక్కడే ఉంటాయి కదండీ" అన్నాట్ట షెడ్డాయన. కాదని మాత్రం ఇంకా అనలేదు. రేపు నేనే వెళ్ళి అడుగుతాను.