మీకు తెలుసా? కర్పూర చక్కెరకేళిలో కాపురమున్న వైరస్

కోనసీమలో నగరం నుంచి రావులపాలెం దాకా కొబ్బరితోటల్లో అంతరపంటగా వేసే కర్పూర చక్కెరకేళికి అరటి శాస్త్రంలో ఇంకో పేరుంది: మైసూరు. తమిళులు దాన్నే పూవన్ అంటారు. ఆ పేరు మీదే ఒక వైరస్ కూడా ఉంది, బనానా స్ట్రీక్ మైసూరు వైరస్ అని. అది సోకితే ఆకు మీద పసుపు చారలు పడి, క్రమంగా గోధుమరంగుకు తిరిగి మాడతాయి. పిలకలతో పాటు కొత్త తోటకు వెళ్తుంది, పిండినల్లి కూడా మోస్తుంది.

అసలు వింత ఇదీ. ఈ వైరస్ డీఎన్‌ఏ అరటి సొంత క్రోమోజోముల్లోనే అతుక్కుని ఉందని 2005లో పరిశోధకులు ప్రకటించారు. కర్పూరంలో రెండు అడవి అరటి వంశాలు కలిశాయి, ‘ఏ’ వంశం రెండు పాళ్లు, ‘బి’ వంశం ఒక పాలు. వైరస్ ముక్క దొరికింది ఆ ‘బి’ పాలులో. తెల్ల చక్కెరకేళి మూడు పాళ్లూ ‘ఏ’ వంశమే కాబట్టి దానికి ఈ వారసత్వం లేదు. పిండినల్లి తెచ్చే వైరస్ ముప్పు మాత్రం దానికీ ఉంది.

ఈ వైరస్ హెచ్‌ఐవీ లాంటి రెట్రోవైరస్‌లకు దగ్గరి చుట్టం. ఆర్‌ఎన్‌ఏను చూసి డీఎన్‌ఏ రాసుకునే పని ఇద్దరిదీ. కోళ్లలో కణితులు తెచ్చే వైరస్‌లో ఆ రాతపని చేసే ఎంజైమ్‌ను హోవర్డ్ టెమిన్, ఎలుకల వైరస్‌లో డేవిడ్ బాల్టిమోర్ 1970లో విడివిడిగా కనిపెట్టారు. 1975లో నోబెల్ బహుమతి అందుకున్న ముగ్గురిలో వీళ్లిద్దరూ ఉన్నారు. అరటిలోని రకాన్ని పారారెట్రోవైరస్ అంటారు. మన జీనోమ్‌లోనూ సుమారు 8 శాతం పాత రెట్రోవైరస్‌ల అవశేషాలే. ఈ విషయంలో అరటిచెట్టు, దాన్ని నాటిన మనిషి ఒకే దారిన నడిచారు.

వైరస్ ముక్క మొక్క లోపలే ఉంటే పరీక్ష చేసేదెలా? డీఎన్‌ఏను కోట్ల రెట్లు పెంచి చూపే పీసీఆర్ ఇక్కడ బోల్తా పడుతుంది. ఆరోగ్యంగా నవనవలాడే ఆకు తెచ్చినా, క్రోమోజోములో నిద్రపోతున్న ముక్కను పట్టుకుని ‘వైరస్ ఉంది’ అంటుంది. అందుకే ఆకు రసాన్ని ముందు యాంటీబాడీ పూసిన గొట్టంలో పోస్తారు. వైరస్ రేణువులు గోడకు అంటుకుంటాయి, మొక్క డీఎన్‌ఏను కడిగేస్తారు, ఆ తర్వాతే పీసీఆర్. రెండో ఉపాయం ఇంకా ముచ్చటైనది. బతికున్న వైరస్ డీఎన్‌ఏ ఏడువేల పైచిలుకు అక్షరాల గుండ్రటి వలయం. వలయం చుట్టూ గానుగెద్దులా ఆగకుండా తిరిగి నకళ్లు తీసే ఎంజైమ్ ఒకటుంది. దాన్ని వదిలితే వలయమే పెరుగుతుంది, క్రోమోజోములో అతుక్కున్న ముక్క పెరగదు.

వైరస్ ఎంత త్వరగా మారుతుందో కొలవడంలోనూ ఇదే చిక్కు: కనబడిన తప్పు వైరస్‌దా, పరీక్షదా? హెచ్‌ఐవీ విషయంలో టెమిన్, ఆయన సహచరుడు లూయిస్ మాన్‌స్కీ వేసిన ఎత్తు నాకెంతో ఇష్టం. బ్యాక్టీరియాకు నీలిరంగునిచ్చే జన్యు భాగాన్ని వైరస్‌లో ఇరికించి, కణంలో దాన్ని ఒక్కటంటే ఒక్క చుట్టు తిప్పారు. బయటికొచ్చిన డీఎన్‌ఏను బ్యాక్టీరియాలోకి ఎక్కించారు. రాత సరిగ్గా ఉంటే నీలం చుక్కలు, చెడిపోతే తెల్ల చుక్కలు. తెల్లవాటిని ఏరి చదివితే ఏ అక్షరం ఎక్కడ తప్పిందో తెలిసింది. లెక్క తేలింది: ఒక చుట్టులో లక్ష అక్షరాలకు సుమారు 3.4 తప్పులు. హెచ్‌ఐవీ పొడవు దాదాపు 9,700 అక్షరాలు కనుక, మూడు చుట్లకో తప్పన్నమాట. చూడ్డానికి కొంచెమే. కానీ రోగి ఒంట్లో రోజుకు వెయ్యి కోట్ల వైరస్‌లు పుడుతుంటే, మందును తప్పించుకునే మార్పు ఎక్కడో ఒకచోట తగలడం ఖాయం. ఈ ఫలితం 1995లో అచ్చయింది. టెమిన్ అంతకు ముందు ఏడాదే కన్నుమూశారు.

పరీక్షే తెచ్చిపెట్టే తప్పు ఇంకొకటుంది. హెచ్‌ఐవీ రోగి రక్తంలో ఉన్న రకరకాల వైరస్‌లను ఒకే గొట్టంలో పీసీఆర్ చేస్తే, ఎంజైమ్ ఒకదాని సగం రాసి మరోదాని మీదికి దూకుతుంది. లేని సంకరం పుట్టుకొస్తుంది. దానికి విరుగుడు: గొట్టానికి ఒక్క వైరస్ మించి పడనంతగా నమూనాను పలచన చేయడం. పలచన చాలిందా లేదా అన్నదానికీ గుర్తుంది. వందలో 30 గొట్టాలకు మించి ఫలితం రాకూడదు. అంటే డెబ్బై ఖాళీగా పోవాలి. ఖర్చూ ఓపికా రెండూ కావాలి. 2011లో వచ్చిన మరో పద్ధతిలో ప్రతి ఆర్‌ఎన్‌ఏకూ నకలు తీసేముందే ఎనిమిది అక్షరాల చీటీ కడతారు. అలాంటి చీటీలు 65,536 రకాలు. ఒకే చీటీ ఉన్న నకళ్లన్నీ ఒకే తల్లి పిల్లలు కనుక, ఏ ఒక్కదాంట్లోనో కనబడే తప్పు యంత్రానిది, అన్నిటా ఉంటే వైరస్‌ది.

మళ్లీ అరటి దగ్గరికి వద్దాం. కొన్ని రకాల్లో నిద్రపోతున్న ముక్క నీటి ఎద్దడికో, ఎండ తీవ్రతకో, టిష్యూకల్చర్ చేసినప్పుడో లేచి పూర్తి వైరస్‌గా తయారవుతుంది. నైరోబీలో భారతీయ శాస్త్రవేత్త లీనా త్రిపాఠి బృందం గోంజా మంజాయ అనే కూర అరటిలో అలాంటి ముక్కను క్రిస్పర్ అనే జన్యు కత్తెరతో కత్తిరించి పనికిరాకుండా చేసింది. దాన్ని 2019లో ప్రకటించారు. నీళ్లు మాన్పించి చూస్తే దిద్దిన మొక్కల్లో 75 శాతానికి చారలు రాలేదు. ఆ గోంజాది కూడా మన కర్పూరం లెక్కే: ‘ఏ’ రెండు పాళ్లు, ‘బి’ ఒక పాలు.