క్రీడా నిర్వహణ చదువులకు మైదానమే పాఠశాల
* పీజీ విద్యార్థులకు పని అనుభవమే పెట్టుబడి
* చేరే ముందు ఇంటర్న్‌షిప్ తీరుతెన్నులు తెలుసుకోవాలి

విశాఖపట్నం: ప్రొ కబడ్డీ లీగ్ పన్నెండో సీజన్ 2025 ఆగస్టు 29న విశాఖపట్నంలో ప్రారంభమైంది. అదే ఏడాది అక్టోబరులో మహిళల ప్రపంచ కప్ క్రికెట్ పోటీలలో అయిదు మ్యాచ్‌లకు ఈ నగరమే వేదికైంది. ఆడినవారి పేర్లు ఇంటింటా వినిపించాయి. టిక్కెట్ ధర ఎలా నిర్ణయించారు, మైదానం చుట్టూ ఏ ప్రకటన ఎక్కడ ఉండాలో ఎవరు చూశారు, వేలమంది ప్రేక్షకులు ఏ గేటు నుంచి రావాలో ఎవరు లెక్క వేశారు అన్నది మాత్రం చాలామందికి తెలియదు. ఆ పనులు చేసేందుకు ప్రత్యేకంగా చదువుకున్నవారు ఇప్పుడు అవసరమవుతున్నారు. ఆ చదువే క్రీడా నిర్వహణ. డిగ్రీ పూర్తిచేసి ఈ కోర్సులవైపు చూస్తున్న యువత, లక్షల రూపాయల రుసుము చెల్లించేందుకు సిద్ధపడుతున్న తల్లిదండ్రులు ముందుగా గ్రహించవలసిన విషయం ఒకటుంది. ఈ విద్యలో పుస్తకం సగమే. మిగిలిన సగం పని చేస్తూ నేర్చుకోవలసిందే.

ఆట వెనుక వ్యాపారం

క్రీడా వ్యాపారానికి ప్రధానంగా నాలుగు ఆదాయ మార్గాలు ఉన్నాయి. ప్రసార హక్కులు, ప్రాయోజకులు చెల్లించే సొమ్ము, టిక్కెట్ల అమ్మకం, జట్టు పేరుతో అమ్మే దుస్తులు తదితర వస్తువులు. వీటిలో ప్రసార హక్కులదే సింహభాగం. 2008లో మొదలైన ఇండియన్ ప్రీమియర్ లీగ్‌కు 2023 నుంచి 2027 వరకు అయిదు సంవత్సరాల ప్రసార హక్కులు 2022 జూన్‌లో జరిగిన వేలంలో రూ.48,390 కోట్లు పలికాయి.

ఈ వ్యాపారానికి ఉన్న చిక్కులు మరే వ్యాపారానికీ లేవు. సబ్బు తయారుచేసే సంస్థ తన సరుకు నాణ్యతకు హామీ ఇవ్వగలదు. జట్టు యజమాని గెలుపునకు హామీ ఇవ్వలేడు. పైగా స్టేడియంలోని కుర్చీ పచ్చి సరుకు వంటిది. బస్సు కదిలిపోయాక ఖాళీ సీటుకు టిక్కెట్ కొట్టలేనట్లే, మ్యాచ్ ముగిశాక ఖాళీ కుర్చీని అమ్మడం సాధ్యం కాదు. అందుకే అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్ బేస్‌బాల్ జట్టు 2009లో కొన్ని సీట్లకు, 2010లో స్టేడియం మొత్తానికి గిరాకీని బట్టి మారే ధరల విధానాన్ని అమలు చేసింది. ప్రత్యర్థి ఎవరు, వారంలో ఏ రోజు, వాతావరణం ఎలా ఉంది అన్న అంశాలను బట్టి ధర మారుతూ ఉంటుంది.

ప్రాయోజకుల వ్యవహారం ఇంకా సున్నితం. భారత క్రికెట్ జట్టు దుస్తులపై పేరు కోసం డ్రీమ్ 11 సంస్థ 2023లో మూడేళ్లకు రూ.358 కోట్ల ఒప్పందం చేసుకుంది. 2025 ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ పార్లమెంటు చట్టం చేయడంతో ఆ ఒప్పందం మధ్యలోనే ముగిసింది. సెప్టెంబరులో జరిగిన ఆసియా కప్‌లో భారత జట్టు ప్రాయోజకుని పేరు లేని దుస్తులతోనే ఆడింది. తర్వాత అపోలో టైర్స్ ముందుకు వచ్చింది. ఒప్పందం కుదర్చడం ఒక నేర్పు అయితే, అది తెగినప్పుడు కొద్ది వారాల్లో మరొకరిని వెతకడం మరో నేర్పు. ఇటువంటివి పరీక్ష రాసి నేర్చుకునే విద్యలు కావు.

1957 నాటి ఆలోచన

ఈ చదువుకు బీజం పడింది అమెరికాలో. బ్రూక్లిన్ డాడ్జర్స్ బేస్‌బాల్ జట్టు యజమాని వాల్టర్ ఓమాలీ 1957లో తన జట్టును లాస్ ఏంజెలిస్‌కు తరలించే సన్నాహాల్లో ఉన్నారు. స్టేడియాలను, క్రీడా ప్రాంగణాలను నడిపేందుకు చదువు ద్వారా తర్ఫీదు పొందిన మనిషి ఎక్కడ దొరుకుతాడన్న ప్రశ్నను ఆయన వ్యాయామ విద్య అధ్యాపకుడు జేమ్స్ మేసన్ ముందుంచారు. న్యాయవాదికి న్యాయ కళాశాల, వైద్యునికి వైద్య కళాశాల ఉన్నాయి. క్రీడా నిర్వాహకునికి మాత్రం అటువంటి చోటు అప్పటికి లేదు. మేసన్ ఆ ఆలోచనను వదలలేదు. 1966లో ఓహాయో విశ్వవిద్యాలయంలో క్రీడా నిర్వహణపై తొలి స్నాతకోత్తర కోర్సు ప్రారంభమైంది. 1971లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం ఇదే బాట పట్టింది.

ఇక్కడ గమనించవలసిన అంశం ఒకటుంది. ఈ విద్యను కోరింది విశ్వవిద్యాలయం కాదు, జట్టు యజమాని. పనికి మనిషి కావలసి వచ్చి చదువు పుట్టింది. అందువల్లనే తరగతి గది పాఠాలతో పాటు జట్టు కార్యాలయంలోనో, స్టేడియంలోనో కొంతకాలం పనిచేయడం ఈ కోర్సులలో అంతర్భాగమైంది. వైద్య విద్యార్థికి హౌస్ సర్జన్ శిక్షణ ఎటువంటిదో, క్రీడా నిర్వహణ విద్యార్థికి ఇంటర్న్‌షిప్ అటువంటిది.

విద్యార్థులు చేసే పనులు

మ్యాచ్‌కు కొన్ని వారాల ముందే పని మొదలవుతుంది. ఎన్ని టిక్కెట్లు ఆన్‌లైన్‌లో అమ్మాలి, ఎన్ని పాస్‌లు ప్రాయోజకులకు ఇవ్వాలి, ఏ గ్యాలరీ ఇంకా నిండలేదు అన్న లెక్కలు రోజూ చూడాలి. ఖాళీగా ఉన్న గ్యాలరీ కోసం పాఠశాలలకు, కార్యాలయాలకు ఫోన్లు చేసి ఒక్కసారే వంద టిక్కెట్లు అమ్మగలిగిన విద్యార్థికి ఆ అనుభవమే పెద్ద పాఠం. కొనేది లేదని పదిమంది చెప్పినా పదకొండో ఫోన్ చేయడం అక్కడే అలవాటవుతుంది.

మ్యాచ్ రోజున పని తీరు పూర్తిగా మారుతుంది. గేట్ల వద్ద క్యూలు, గుర్తింపు కార్డుల పంపిణీ, విలేకరులకు సీట్లు, వాలంటీర్లకు భోజనం, తాగునీరు, అంబులెన్స్ నిలిపే చోటు, ప్రసార బృందం కేబుళ్లు వెళ్లే దారి వంటివన్నీ ఒకదానిపై ఒకటి ఆధారపడి ఉంటాయి. ఒక గేటు అరగంట ఆలస్యంగా తెరిస్తే రోడ్డుపై రద్దీ పెరుగుతుంది. రద్దీ పెరిగితే భద్రతకే ముప్పు. 2025 జూన్ 4న బెంగళూరులో చిన్నస్వామి స్టేడియం వద్ద ఐపీఎల్ విజయోత్సవాల సందర్భంగా జరిగిన తొక్కిసలాటలో 11 మంది ప్రాణాలు కోల్పోయారు. జనసందోహాన్ని అంచనా వేయడం ఈ విద్యలో ఎంత ముఖ్యమో చెప్పడానికి ఆ విషాదం చాలు.

మ్యాచ్ ముగిశాక కూడా పని మిగిలే ఉంటుంది. ప్రాయోజకునికి మాట ఇచ్చిన బోర్డులన్నీ పెట్టారా, తెరపై ప్రకటన చెప్పినన్ని సార్లు వచ్చిందా, స్టాల్‌కు ఎంతమంది వచ్చారు అన్న వివరాలను ఫొటోలతో సహా నివేదికగా ఇవ్వాలి. వచ్చే ఏడాది ఒప్పందం కొనసాగడం చాలావరకు ఈ నివేదికపైనే ఆధారపడుతుంది. విద్యార్థి తన చేతితో ఇటువంటి నివేదిక ఒక్కటి తయారుచేసినా, ఉద్యోగ ముఖాముఖిలో చెప్పుకోవడానికి అది పనికివస్తుంది.

మన దేశంలో అవకాశాలు

ఉమ్మడి రాష్ట్రంలో హైదరాబాద్ 2002లో జాతీయ క్రీడలకు, 2003లో ఆఫ్రో-ఆసియా క్రీడలకు, 2007లో ప్రపంచ సైనిక క్రీడలకు, 2009లో ప్రపంచ బ్యాడ్మింటన్ ఛాంపియన్‌షిప్‌కు ఆతిథ్యమిచ్చింది. అప్పట్లో నిర్వహణ భారం ప్రధానంగా ప్రభుత్వ శాఖలు, క్రీడా సంఘాలపైనే ఉండేది. పోటీలు ముగియగానే పని కూడా ముగిసేది. ఫ్రాంచైజీ లీగ్‌లు వచ్చాక పరిస్థితి మారింది. 2014లో ప్రొ కబడ్డీ, ఇండియన్ సూపర్ లీగ్ ఫుట్‌బాల్, 2023లో మహిళల ప్రీమియర్ లీగ్ ప్రారంభమయ్యాయి. తెలుగు టైటాన్స్ వంటి జట్లకు ఏటా పోటీలు ఉంటాయి కనుక సిబ్బంది అవసరం కూడా ఏటా ఉంటుంది.

ఈ అవసరాన్ని గుర్తించి కొన్ని సంస్థలు కోర్సులు ప్రారంభించాయి. మాజీ టెస్టు క్రికెటర్ నీలేశ్ కులకర్ణి 2010లో ముంబయిలో క్రీడా నిర్వహణ కోసమే ప్రత్యేకంగా ఒక సంస్థను స్థాపించారు. పుణెలోని సింబయాసిస్, రోహ్‌తక్‌లోని ఐఐఎం కూడా ఈ విద్యను అందిస్తున్నాయి. అయితే లీగ్ ఉద్యోగాలకు ఒక పరిమితి ఉంది. సీజన్ కొద్ది నెలలే. పోటీల కాలానికి తీసుకున్న సిబ్బందిలో ఏడాది పొడవునా కొనసాగేవారు కొందరే. ఆ కొందరిలో చోటు దక్కేది సాధారణంగా అంతకుముందు సీజన్‌లో పనిచేసి మెప్పు పొందినవారికే. ఇంటర్న్‌షిప్‌నకు అంత విలువ అందుకే.

అనుభవమా, ఉచిత చాకిరీయా?

క్రీడలపై మోజు ఉన్న యువతకు కొదవ లేదు. అభిమాన క్రీడాకారులకు దగ్గరగా ఉండవచ్చన్న ఆశతో జీతం లేకున్నా పనిచేస్తామనేవారు ఎందరో. అవకాశం ఇచ్చేవారు పిడికెడు, కోరేవారు వేలల్లో ఉన్నప్పుడు శ్రమకు విలువ పడిపోవడం సహజం. నెలల తరబడి కుర్చీలు సర్దించి, నీళ్ల సీసాలు మోయించి చివరికి ధ్రువపత్రం చేతిలో పెడితే అది శిక్షణ అనిపించుకోదు.

ఈ సమస్య అమెరికాలో న్యాయస్థానాల దాకా వెళ్లింది. ఒక చలనచిత్ర నిర్మాణ సంస్థలో జీతం లేకుండా పనిచేసిన ఇంటర్న్‌లు వేసిన వ్యాజ్యంలో 2015లో అప్పీలు న్యాయస్థానం ఒక కొలమానాన్ని నిర్దేశించింది. ఆ పని వల్ల ప్రధానంగా లాభపడుతున్నది విద్యార్థా, సంస్థా అన్నదే ఆ కొలమానం. 2018 జనవరిలో అక్కడి కార్మిక శాఖ కూడా దీనిని స్వీకరించింది. శిక్షణ చదువుతో ముడిపడి ఉందా, కళాశాల క్యాలెండర్‌కు అనుగుణంగా ఉందా, జీతం తీసుకునే ఉద్యోగి పనిని విద్యార్థి చేత చేయిస్తున్నారా అన్న అంశాలను పరిశీలిస్తారు.

మన దేశంలో 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం కింద ఒప్పందం నమోదైతే స్టైపెండ్ చెల్లించడం తప్పనిసరి. ఆ చట్టం పరిధిలోకి రాని ఇంటర్న్‌షిప్‌లకు అటువంటి భరోసా లేదు. కనుక రాతపూర్వక ఒప్పందం అడగడం విద్యార్థి బాధ్యతే అవుతుంది.

విదేశాలకు వెళ్లేవారు గమనించాలి

అమెరికాలో ఈ కోర్సు చదవదలచిన తెలుగు విద్యార్థులు వీసా నిబంధనలు కూడా చూసుకోవాలి. ఎఫ్-1 వీసాపై ఉన్నవారు చదువులో భాగంగా పనిచేయాలంటే సీపీటీ అనుమతి పని మొదలుపెట్టకముందే పొందాలి. ఏడాది కాలం లేదా అంతకుమించి పూర్తికాలపు సీపీటీ వాడుకుంటే, చదువు పూర్తయ్యాక లభించే 12 నెలల ఓపీటీకి అర్హత పోతుంది. సాంకేతిక, విజ్ఞాన శాస్త్ర కోర్సులవారికి ఉన్న 24 నెలల పొడిగింపు క్రీడా నిర్వహణ చదివినవారికి సాధారణంగా వర్తించదు. కంప్యూటర్ కోర్సుల లెక్కలే దీనికీ వర్తిస్తాయనుకుని అప్పు చేస్తే చిక్కుల్లో పడే ప్రమాదం ఉంది. జీతం లేని పని అయినా విశ్వవిద్యాలయంలోని విదేశీ విద్యార్థుల కార్యాలయాన్ని సంప్రదించాకే చేరడం క్షేమం.

చేరే ముందు అడగవలసినవి

* ఇంటర్న్‌షిప్ కోర్సులో తప్పనిసరి భాగమా? ఎన్ని వారాలు? దానికి మార్కులు ఉన్నాయా?
* సంస్థే అవకాశం చూపిస్తుందా, విద్యార్థే వెతుక్కోవాలా?
* గత రెండేళ్ల విద్యార్థులు ఎక్కడ, ఏ విభాగంలో పనిచేశారు? వారితో మాట్లాడే వీలుందా?
* స్టైపెండ్ ఉందా? వేరే నగరంలో పనిచేయవలసి వస్తే వసతి, ప్రయాణ ఖర్చు ఎవరిది?
* పనిని పర్యవేక్షించి తప్పొప్పులు చెప్పే అధికారి ఉంటారా?
* చివరికి విద్యార్థి చేతిలో మిగిలేది ధ్రువపత్రమేనా, తాను స్వయంగా చేసిన నివేదిక ఏదైనా ఉంటుందా?

ఈ ప్రశ్నలకు సూటిగా జవాబు చెప్పలేని సంస్థలో, ప్రచార పత్రంపై ఎంత పెద్ద క్రీడాకారుని బొమ్మ ఉన్నా, రుసుము చెల్లించే ముందు ఆలోచించవలసిందే.

తొలి అడుగు ఊళ్లోనే

ఈ అనుభవానికి మహానగరమే చేరనక్కరలేదు. సంక్రాంతికి పల్లెల్లో జరిగే కబడ్డీ, వాలీబాల్ పోటీలు కూడా చిన్నపాటి క్రీడా నిర్వహణే. చందాలు వసూలు చేయడం, బహుమతి ఇచ్చే దాతను ఒప్పించడం, కోర్టు సిద్ధం చేయడం, ఫ్లడ్‌లైట్లు, మైకు, బయటి ఊళ్ల జట్లకు భోజన వసతి చూడడం వంటి పనులను యువజన సంఘాలు ఏళ్ల తరబడి చేస్తున్నాయి. లోపమల్లా లెక్కల్లోనే ఉంది. ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, దాతకు ప్రతిఫలంగా ఏం చూపించాం అన్నది చాలాచోట్ల కాగితం మీద ఉండదు. అందుకే ఈసారి ఇచ్చిన దాత వచ్చే ఏడాది ముఖం చాటేస్తాడు.

డిగ్రీ చదివే విద్యార్థి ఊరి పోటీల జమాఖర్చులు రాసే బాధ్యత తీసుకుని, పోటీలు ముగిశాక దాతలకు ఫొటోలతో రెండు పేజీల నివేదిక అందజేస్తే చాలు. జట్టు కార్యాలయాల్లో పీజీ విద్యార్థుల చేత చేయించే పని కూడా అదే. కోర్సులో చేరేనాటికి చేతిలో అటువంటి నివేదికలు రెండు ఉన్న విద్యార్థి, ఆటపై అభిమానం ఒక్కటే వెంట తెచ్చుకున్నవారి కంటే ఒక మెట్టు పైనే ఉంటాడు.