ఊరు ఒక్కటే.. రాష్ట్రాలు నాలుగు! ఆన్‌లైన్ ఫ్యామిలీ ట్రీలో భద్రాచలం తిప్పలు

తాతయ్య, నాన్న, మనవరాలు.. ముగ్గురూ పుట్టింది భద్రాచలంలోనే. కానీ ఆన్‌లైన్ వంశవృక్షంలో ముగ్గురిదీ తలో రాష్ట్రం. తప్పు ఎవరిదీ కాదు.

వికీట్రీ లాంటి సైట్లలో అందరూ కలిసి ఒకే ఫ్యామిలీ ట్రీని నింపుతారు. మనిషి పుట్టిన నాటికి ఊరు ఏ జిల్లా, ఏ రాష్ట్రంలో ఉంటే అదే రాయాలన్నది అక్కడి పద్ధతి. చిక్కంతా ఇక్కడే. భద్రాచలంలో పుట్టినవారి అడ్రస్ ఏడాదిని బట్టి ఇలా మారుతుంది.

* 1950: తూర్పు గోదావరి, మద్రాస్
* 1955: తూర్పు గోదావరి, ఆంధ్ర రాష్ట్రం
* 1958: తూర్పు గోదావరి, ఆంధ్రప్రదేశ్
* 1970: ఖమ్మం, ఆంధ్రప్రదేశ్ (1959లో జిల్లా మారింది)
* 2015: ఖమ్మం, తెలంగాణ
* 2017: భద్రాద్రి కొత్తగూడెం, తెలంగాణ

నష్టమేంటి?

ఒకరు ఇప్పటి జిల్లా పేరుతో కేటగిరీ పెడతారు. మరొకరు పాత పేరుకు మారుస్తారు. దీంతో ఒకే ఇంటివాళ్లు వేర్వేరు కేటగిరీల్లో పడిపోతారు. కేటగిరీ చూసి వెతికితే దొరకరు. లేరనుకుని ఇంకొకరు కొత్త ప్రొఫైల్ తెరుస్తారు. విదేశాల్లో పుట్టి, తాతల ఊరు వెతుక్కునే పిల్లలకైతే ఇది మరీ కష్టం.

ఏం చేయాలి?

ముందు పుట్టిన ఏడాది తేల్చుకోవాలి. అప్పటి జిల్లా, రాష్ట్రం రాసి, ఇప్పటి పేరు వివరాల్లో చేర్చాలి. భద్రాచలం చుట్టుపక్కల పల్లెలైతే మరింత జాగ్రత్త. కూనవరం, చింతూరు లాంటి పోలవరం ముంపు మండలాలు 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. పట్టణం మాత్రం తెలంగాణలోనే ఉండిపోయింది.