గింజ ఒకటే... నేలలు వేరు!

ప్రజ్ఞా పరీక్షల్లో వచ్చే అంకె పిల్లల గురించి ఎంతవరకు చెప్పగలదు?

సంగారెడ్డి: ఏటా చలికాలంలో ఒక శనివారం ఈ దృశ్యం కనిపిస్తుంది. పరీక్షా కేంద్రం గేటు బయట తల్లులు, తండ్రులు, తాతలు గుమిగూడి ఉంటారు. నారాయణఖేడ్ వైపు నుంచి తెల్లవారకముందే బస్సెక్కి వచ్చినవారు కొందరు. పాశమైలారంలో ఆ పూట డ్యూటీ మానుకుని వచ్చినవారు మరికొందరు. గేటు తెరుచుకోగానే అయిదో తరగతి పిల్లలు అట్టలు చంకన పెట్టుకుని పరుగున వస్తారు. ‘‘ఎట్ల రాసినవ్ బిడ్డా?’’ అని అడిగితే ‘‘బొమ్మలే ఎక్కువ ఇచ్చిండ్రు నాయినా!’’ అని జవాబు.

అది నవోదయ ప్రవేశ పరీక్ష. మొత్తం 80 ప్రశ్నలు, 100 మార్కులు, రెండు గంటలు. అందులో సరిగ్గా సగం, అంటే 40 ప్రశ్నలు, 50 మార్కులు ‘మానసిక సామర్థ్యం’ అనే భాగానివే. నాలుగు బొమ్మల్లో వేరుగా ఉన్నది ఏది? ఈ బొమ్మ అద్దంలో ఎలా కనిపిస్తుంది? కాగితం మడిచి చిల్లు పొడిస్తే, విప్పిన తరువాత చిల్లులు ఎక్కడెక్కడ ఉంటాయి? ఇవీ ప్రశ్నలు. చదవడానికి మాటలు పెద్దగా ఉండవు గనుక పట్నం పిల్లవాడికీ పల్లె పిల్లవాడికీ తేడా రాదని దీని ఉద్దేశం. సీట్లలో కనీసం 75 శాతం పల్లె పిల్లలకే. అయితే ఈ పరీక్ష ఒక్కసారే రాయాలి. రెండోసారి కూర్చోనివ్వరు. ఉమ్మడి మెదక్ జిల్లాకు వర్గల్‌లో నవోదయ విద్యాలయం ఉండేది. 2016లో జిల్లాలు విడిపోయినప్పుడు అది సిద్దిపేట జిల్లా వాటాకు వెళ్ళింది. 2024 డిసెంబరులో కేంద్రం దేశం మొత్తం మీద కొత్తగా మంజూరు చేసిన 28 నవోదయాల్లో సంగారెడ్డి జిల్లా పేరు కూడా ఉంది.

ఫలితాలు వచ్చిన రోజు, సీటు రాని ఇంట్లో ఒక మాట వినబడుతుంది. ‘‘మావోనికి అంత తెల్వి లేదు.’’ పదేళ్ళ పిల్లవాడు ఆ మాట వింటూనే ఉంటాడు.

నవోదయ మార్కు, మానసిక వైద్యులు చెప్పే ‘ఐ.క్యూ.’, అంటే ప్రజ్ఞాలబ్ధి, రెండూ ఒకటి కావు. కాని ఆ బొమ్మల ప్రశ్నలు పుట్టిన ఇల్లు మాత్రం ప్రజ్ఞా పరీక్షలదే. కాబట్టి ఆ ఇంటి చరిత్ర కొంచెం తెలుసుకోవాలి.

ఎందుకు పుట్టింది?

ఫ్రాన్సు దేశంలో పిల్లలందరికీ చదువు తప్పనిసరి చేశాక ఒక చిక్కు వచ్చింది. కొందరు పిల్లలు తరగతిలో వెనకబడి పోతున్నారు. వారిని ముందే గుర్తించి ప్రత్యేకంగా చదువు చెప్పాలంటే ఎలా? 1904లో ప్రభుత్వం ఒక సంఘాన్ని వేసింది. ఆ సంఘంలోని ఆల్‌ఫ్రెడ్ బినే అనే శాస్త్రవేత్త, తియొడోర్ సిమోన్ అనే వైద్యునితో కలిసి 1905లో మొదటి పరీక్షను తయారు చేశాడు. అంటే అది పుట్టింది సాయం ఎవరికి కావాలో తెలుసుకోవడానికే. తెలివి పెరగదు, మారదు అనేవారితో బినే గట్టిగా విభేదించాడు కూడా. ఆయన 1911లో చనిపోయాడు.

తరువాత దాన్ని మరికొందరు చేతిలోకి తీసుకున్నారు. పిల్లవాడి మానసిక వయస్సును అసలు వయస్సుతో భాగించి 100తో హెచ్చవేస్తే వచ్చే అంకె ప్రజ్ఞాలబ్ధి అన్నారు. ఎనిమిదేళ్ళ పిల్లవాడు పదేళ్ళవారు చేసే ప్రశ్నలు చేస్తే 125 అన్నమాట. ఇప్పుడు ఆ భాగహారం కూడా లేదు. ఒకే ఈడు పిల్లల్లో ఈ పిల్లవాడు ఎక్కడ ఉన్నాడో చూసి, నడిమివాడికి 100 అని పెడతారు. నూటికి సుమారు 68 మంది 85కూ 115కూ మధ్యనే ఉంటారు. ఇది వరసలో స్థానమే గాని, తాసులో వేసిన తూకం కాదు. పైగా అదే పిల్లవాడు ఇంకో రోజు కూర్చుంటే అయిదారు పాయింట్లు అటూ ఇటూ కావడం మామూలే.

అమెరికాలో లూయిస్ టెర్మన్ అనే ఆచార్యుడు 1921 నుంచి ఇలాంటి పరీక్షలతో 1,500 మందికి పైగా మేధావి పిల్లలను ఏరి, వారి జీవితమంతా గమనించాడు. వారిలో చాలామంది మంచి ఉద్యోగాలు చేశారు. కాని ఆయన ఏరివేతలో అంకె చాలక తప్పిపోయిన ఇద్దరు పిల్లలు విలియం షాక్లీ, లూయీ అల్వరెజ్. వారికి భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతులు వచ్చాయి. ఒకరికి 1956లో, ఇంకొకరికి 1968లో. ఏరుకున్నవారిలో ఒక్కరికీ నోబెల్ రాలేదు!

ఇక్రిశాట్ పొలంలో జవాబు

తెలివి పుట్టుకతో వస్తుందా, పెంపకంతో వస్తుందా అన్న వాదం వందేళ్ళకు పైబడింది. దాన్ని అర్థం చేసుకోవడానికి మన జిల్లా రైతు ఎక్కడికీ పోనక్కర లేదు. పటాన్‌చెరు దగ్గర ఇక్రిశాట్ ఉంది. 1972లో వచ్చిన అంతర్జాతీయ సంస్థ. జొన్న, సజ్జ, కంది, శనగ, పల్లికాయ మీద పరిశోధనలు చేస్తుంది. దాని ఆవరణలో నల్లరేగడి ఉంది, ఎర్రనేల కూడా ఉంది. ఒకే సంచిలోని గింజలు రెండు నేలల్లో చల్లితే ఏమవుతుందో మనకు ఎవరూ చెప్పక్కరలేదు.

1970లో రిచర్డ్ లెవాంటిన్ అనే అమెరికన్ జన్యుశాస్త్రవేత్త సరిగ్గా ఈ ఉదాహరణే చెప్పాడు. సంచిలో రకరకాల గింజలు కలిసి ఉన్నాయి. ఒక పిడికెడు అన్ని పోషకాలూ ఉన్న మడిలో చల్లాం. ఇంకో పిడికెడు ఎరువు చాలని మడిలో చల్లాం. ప్రతి మడి లోపల మొక్కల మధ్య ఎత్తు తేడా ఉంటుంది. అది గింజలో ఉన్న తేడా. కాని మొదటి మడి సగటుకూ రెండో మడి సగటుకూ ఉన్న తేడా గింజది కాదు, నేలది. ఒక మడిలో తేడా అంతా విత్తనానిదే గదా అని, రెండు మడుల మధ్య తేడా కూడా విత్తనానిదే అనుకుంటే రైతు నవ్వుతాడు. పిల్లల విషయంలో మాత్రం చదువుకున్నవారు కూడా ఈ పొరపాటు చేస్తూనే వచ్చారు.

విత్తనంలో తేడా లేదని దీని అర్థం కాదు. పిల్లలందరూ ఒక్కటే అని ఏ తల్లీ అనదు. కాని నేల మారితే అంకె మారుతుందని చూపిన పరిశోధనలు ఉన్నాయి. 1999లో ఫ్రాన్సు పరిశోధకులు ఒక సంగతి బయటపెట్టారు. నిరాదరణలో పెరిగి, నాలుగు నుంచి ఆరేళ్ళ మధ్య వయస్సులో దత్తత వెళ్ళిన 65 మంది పిల్లలను వారు గమనించారు. దత్తతకు ముందు వారి సగటు ప్రజ్ఞాలబ్ధి 77. కౌమారానికి వచ్చేసరికి పేద ఇళ్ళకు వెళ్ళినవారి సగటు 85 దాటింది. కలిగిన ఇళ్ళకు వెళ్ళినవారిది 98! ఒక ఏడాది ఎక్కువ చదివితే అంకె ఒకటి నుంచి అయిదు పాయింట్ల దాకా పెరుగుతుందని 2018లో మరో పెద్ద సమీక్ష తేల్చింది. గర్భిణికి అయొడిన్ బాగా తక్కువైతే పుట్టే బిడ్డ మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. ప్యాకెట్ ఉప్పులో అయొడిన్ కలిపేది అందుకే.

ఇటుక బట్టీలకు ఒడిశా నుంచి తల్లిదండ్రుల వెంట వచ్చి, ఏడాదిలో సగం రోజులు బడి మొహం చూడని పిల్లవాడికి తెలుగులో పరీక్ష పెట్టి అంకె వేస్తే, ఆ అంకె ఎవరిది? పిల్లవాడిదా, బట్టీదా?

గొడ్డలి, రంపం, సుత్తె, మొద్దు

ఈ నాలుగింటిలో వేరుగా ఉన్నది ఏది? మొద్దు అని బడి పిల్లవాడు చటుక్కున చెబుతాడు. మిగతా మూడూ పనిముట్లు గదా! 1931, 32 సంవత్సరాల్లో రష్యన్ శాస్త్రవేత్త అలెగ్జాండర్ లూరియా ఉజ్బెకిస్తాన్ పల్లెల్లో చదువురాని రైతులను ఇదే అడిగాడు. ఏదీ వేరు కాదు అన్నారు వారు. మొద్దు లేకుంటే గొడ్డలితో ఏం పని?

ఆఫ్రికాలోని లైబీరియాలో జరిగింది ఇంకా బాగుంటుంది. అక్కడి రైతులకు తిండి వస్తువులు, పనిముట్లు కలిపి ఇచ్చి, ఏది దేనితో పోతుందో పెట్టమన్నారు. పండును కోయాలి గనుక కత్తి పక్కన పండును పెట్టారు. తెలివైనవాడు ఇలాగే పెడతాడని కూడా చెప్పారు. పరిశోధకుడు విసిగి, ‘‘మరి తెలివితక్కువవాడు ఎలా పెడతాడు?’’ అని అడిగాడు. వెంటనే తిండి ఒకవైపు, పనిముట్లు ఒకవైపు పెట్టేశారు. పరీక్షలో పూర్తి మార్కులు వచ్చే జవాబు అదే!

పరీక్ష పెట్టేవాడి మనసులో ఏముందో కనిపెట్టడం కూడా ఒక విద్యే. అది బడిలో వస్తుంది. నవోదయ కోసం ఏడాది పాటు బొమ్మల పుస్తకాలు దిద్దించిన పిల్లవాడికి అద్దం బొమ్మ కొత్త కాదు. మొట్టమొదటిసారి పరీక్ష హాల్లోనే చూసిన పిల్లవాడు అరగంట అర్థం చేసుకోవడానికే పోగొట్టుకుంటాడు. ఇద్దరి మార్కుల తేడాలో తెలివి ఎంత, అలవాటు ఎంత?

దీనికి రెండో వైపు కూడా చెప్పాలి. కలకత్తా, ఢిల్లీ బజార్లలో సరుకులు అమ్మే పిల్లలు నోటితోనే కష్టమైన లెక్కలు చేస్తారు గాని, కాగితం మీద అదే మోతాదు లెక్క ఇస్తే తడబడతారని 2025లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన పరిశోధన చెప్పింది. బడి పిల్లలను బజారు లెక్కలు చేయమంటే వారూ అంతే తడబడ్డారు. పటాన్‌చెరు కూరగాయల మార్కెట్‌లో అరక్షణంలో చిల్లర లెక్కగట్టే పిల్లవాడిని మేధావి అని మెచ్చుకుని వదిలేస్తే లాభం లేదు. వాడికి కాగితం లెక్క నేర్పేవారు కావాలి.

అంకె మీద కడుపు ఆధారపడితే...

నవోదయ సీటు పోతే ఊళ్ళో బడి ఉంది. కాని ఇదే రకం అంకె మీద నెలనెలా వచ్చే పింఛను ఆధారపడే ఇళ్ళు కూడా మన జిల్లాలో ఉన్నాయి. ‘సదరం సర్టిఫికెట్’ అని ఊళ్ళల్లో ఇంకా పిలిచే వైకల్య ధ్రువపత్రం కథ ఇది. ఎదుగుదల మందంగా ఉన్న పిల్లలకు వైద్యులు ప్రజ్ఞా పరీక్ష చేస్తారు. 2001 నాటి కేంద్ర మార్గదర్శకాల్లో లెక్క ఇలా ఉండేది. అంకె 50 నుంచి 69 దాకా ఉంటే 50 శాతం వైకల్యం. 70 నుంచి 79 అయితే 25 శాతం. సర్కారు సాయాలకు కావలసింది కనీసం 40 శాతం. అంటే 69 వస్తే దక్కేది, 70 వస్తే పోయేది. అయిదారు పాయింట్లు అటూ ఇటూ అయ్యే పరీక్షలో ఒక్క పాయింటు! తెలంగాణలో ఈ పింఛనును 2023లో నెలకు రూ. 4,016కు పెంచారు. కూలి ఇంటికి అది చిన్న సొమ్ము కాదు.

2018 జనవరిలో వచ్చిన మార్గదర్శకాలు ఈ పద్ధతిని మార్చాయి. ప్రజ్ఞా పరీక్షతోనే సరిపెట్టకుండా, పిల్లవాడు నిత్యం ఏం చేసుకోగలడో చూసే వైన్‌లాండ్ కొలతకు శాతాన్ని ముడిపెట్టాయి. తనంతట తాను తింటాడా? బట్టలు వేసుకుంటాడా? వాడకట్టులో ఒంటరిగా తిరిగి వస్తాడా? దుకాణానికి పోయి చిన్న చిన్న వస్తువులు తెస్తాడా? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పేది పిల్లవాడు కాదు, ఎక్కువగా తల్లి. అందుకే ఆసుపత్రికి వెళ్ళే తల్లి కంగారులో ‘‘అన్నీ చేస్తడు సారూ’’ అని గొప్పకు చెప్పినా, ‘‘ఏం చేతకాదు’’ అని పింఛను కోసం చెప్పినా బిడ్డకే నష్టం. మొదటిదానితో సాయం పోతుంది, రెండోదానితో ఏం నేర్పాలో తెలియకుండా పోతుంది. సికింద్రాబాద్ బోయినపల్లిలోని మనోవికాస్ నగర్‌లో 1984లో పెట్టిన జాతీయ సంస్థ పని ఇలాంటి పిల్లలకు ఏం నేర్పవచ్చో, ఎలా నేర్పాలో చూడడమే. బినే మొదట కోరుకున్నదీ అదే.

ఫ్యాక్టరీ గేటు దగ్గర కూడా ఈ ప్రశ్నలే ఎదురవుతున్నాయి. బ్యాంకులకు, రైల్వేకు, పోలీసు ఉద్యోగాలకు ‘రీజనింగ్’ పేరుతో ఇవే బొమ్మలు, ఇవే వరుసలు. రామచంద్రాపురం నుంచి పాశమైలారం దాకా ఐ.టి.ఐ. చదివిన కుర్రవాళ్ళు వీటి పుస్తకాలతోనే కుస్తీ పడుతుంటారు. తెలివి పరీక్షలకూ ఉద్యోగంలో పనితనానికీ ఉన్న సంబంధం ఇదివరకు అనుకున్నంత లేదని, ఉద్యోగుల మధ్య తేడాల్లో పదో వంతుకు మించి అది చెప్పలేదని 2022లో అమెరికాలో జరిగిన పునఃపరిశీలన తేల్చింది. పద్ధతిగా అడిగే ఇంటర్వ్యూ అంతకన్నా మేలట. లేతు మిషన్ శబ్దం వినే పనిముట్టు అరిగిందని చెప్పగల కార్మికుణ్ణి ఏ బొమ్మతో పట్టుకుంటారు?

ఇక నవోదయలో సీటు రాని పిల్లల సంగతి. వారికి ఎనిమిదో తరగతిలో ఇంకో పరీక్ష ఉంది. జాతీయ ఉపకార వేతనం కోసం పెట్టే ఎన్.ఎం.ఎం.ఎస్. పరీక్ష 2008 నుంచి జరుగుతోంది. అందులో 90 ప్రశ్నలు మానసిక సామర్థ్యానివి, 90 బడి పాఠాలవి. ఎంపికైతే తొమ్మిది నుంచి పన్నెండో తరగతి దాకా ఏడాదికి రూ. 12,000. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల్లో చదివే పేద ఇళ్ళ పిల్లలకే ఇది. అయిదో తరగతిలో అద్దం బొమ్మ చూసి బిత్తరపోయిన పిల్లవాడికి అప్పటికి మూడేళ్ళ వ్యవధి దొరుకుతుంది. దరఖాస్తు బడి నుంచే పోవాలి. పాత ప్రశ్నపత్రాలు చాలా బడుల్లో బీరువాలో ఉంటాయి. ప్రధానోపాధ్యాయుణ్ణి అడిగి తీయించాలి.