విప్పడానికి వీలైన కుట్టు

పాడైన వస్తువును బాగుచేయించాలా, పారేయాలా అన్నది మన ఇష్టం మీదే ఆధారపడి ఉందనుకుంటాం. నిజానికి ఆ నిర్ణయం చాలావరకు వస్తువు మన ఇంటికి రాకముందే జరిగిపోతుంది. దాన్ని మొదట తయారుచేసిన వాడు విప్పడానికి వీలుగా చేశాడా, విప్పితే విరిగిపోయేలా చేశాడా అన్నదే అసలు సంగతి. మర బిగించినదాన్ని ఎవరైనా విప్పగలరు. జిగురుతో అంటించినదాన్ని చింపడమే తప్ప విప్పడం ఎవరి వల్లా కాదు.

ఈ సంగతినే ఇవాళ ప్రపంచం 'సర్క్యులర్ ఎకానమీ' అనే పేరుతో చర్చిస్తోంది. నేల నుంచి తీయడం, వస్తువు చేయడం, వాడి పారేయడం అనే పద్ధతిని వదిలి, ఒకసారి తీసిన సరుకును వీలైనంత కాలం వాడుకలోనే తిప్పుకోవాలన్నది దీని సారాంశం. వాల్టర్ స్టాహెల్ అనే స్విట్జర్లాండ్ ఆర్కిటెక్ట్ 1976లోనే, జెనెవీవ్ రెడేతో కలిసి యూరోపియన్ కమిషన్‌కు ఒక నివేదిక రాశారు. వస్తువుల ఆయుష్షు పెంచితే ఇంధనం, ముడిసరుకు ఆదా కావడమే కాదు, మనుషుల చేతికి పని కూడా పెరుగుతుందని అందులో వాదించారు. వస్తువు వల్ల పర్యావరణం మీద పడే భారంలో 80 శాతం దాకా దాన్ని రూపకల్పన చేసే దశలోనే ఖాయమైపోతుందని 2020 మార్చిలో యూరోపియన్ కమిషన్ తన కార్యాచరణ ప్రణాళికలో పేర్కొంది.

దూదేకులవారి విద్య

పేరు కొత్తదే కావచ్చు, పని మాత్రం మనకు పాతదే. నూర్‌బాషా, దూదేకుల, పింజారి అని ప్రాంతాన్ని బట్టి పిలుచుకునే మనవాళ్ల కులవృత్తినే తీసుకోండి. దూది పరుపు కొన్నేళ్లకు గడ్డలు కట్టి గట్టిపడుతుంది. అప్పుడు కుట్టు విప్పి, దూది బయటికి తీసి, ఎండలో ఆరబెట్టి, విల్లుతో ఏకి, మళ్లీ గలేబులో నింపి కుట్టేవారు. గలేబు చిరిగితే అదొక్కటే మార్చేవారు. దూది అదే, పరుపు మాత్రం మళ్లీ కొత్తది.

ఆ పరుపును ఎప్పటికైనా విప్పాల్సి వస్తుందని ముందే తెలిసి కుట్టారు. రూపకల్పన అంటే అదే. ఫోమ్ పరుపులో పొర మీద పొర జిగురుతో అంటించి ఉంటుంది. కుంగిపోయాక దాన్ని ఏకేవాడు లేడు, నింపేవాడు లేడు. దూదేకులవారి బేరం తగ్గిపోయింది జనం మెత్తదనం కోరుకోవడం వల్ల మాత్రమే కాదు. కొత్త పరుపులో వాళ్ల విద్యకు చోటే లేకుండా పోయింది. ఒక వస్తువు తయారీ తీరు మారితే ఒక కులం కూడు మారిపోతుందనడానికి ఇంతకంటే నిదర్శనం కావాలా?

గోలీ సోడా సీసా కూడా అలాంటిదే. తాగినవాడు సీసాను దుకాణంలోనే ఇచ్చి వెళ్లాలి. దాన్ని కడిగి మళ్లీ నింపుతారు. తిరిగి రావడానికే తయారైన సీసా అది.

పసుపు పండించే తీరు

ఆర్మూరు చుట్టుపక్కల వేల్పూరు, బాల్కొండ, మోర్తాడ్ దాకా పసుపే ప్రధాన పంటల్లో ఒకటి. ప్రపంచంలో పండే పసుపులో 70 శాతానికి పైగా మన దేశానిదే. ఈ పంటలో వృథా పోయేది ఎంత తక్కువో గమనిస్తే ఆశ్చర్యం వేస్తుంది. తవ్విన దుంపల్లోంచే వచ్చే ఏటికి విత్తనం పక్కన పెడతారు. తవ్వకానికి ముందు కోసిన ఆకు పొలంలోనే ఎరువవుతుంది. ఆ ఆకు నుంచి నూనె కూడా తీయవచ్చు. ఉడికించి ఎండబెట్టిన కొమ్ములను డ్రమ్ములో తిప్పి పాలిష్ చేస్తే రాలిన పొట్టు మళ్లీ మట్టిలోకే పోతుంది.

ఉడికించే పద్ధతిలో వచ్చిన మార్పు కూడా గమనించదగినది. ఒకప్పుడు పెద్ద కడాయిల్లో నిండా నీళ్లు పోసి, కట్టెలు ఎగదోసి ఉడికించేవారు. ఆవిరి బాయిలర్లు వచ్చాక నీరు, కట్టెలు, సమయం మూడూ తగ్గాయి. దుంప అదే, నిప్పు అదే. మారింది పాత్ర రూపం ఒక్కటే.

ఎండిన పంట గోనె బస్తాల్లో నిజామాబాద్ మార్కెట్ యార్డుకు, కొంత మహారాష్ట్రలోని సాంగ్లీకి వెళుతుంది. చిరిగిన బస్తాకు దబ్బనం, సుతిలితో కుట్టు వేస్తే మళ్లీ పనికొస్తుంది. ఏ కుట్టుకూ నిలవనంత పాతబడితే మట్టిలో కుళ్లి మట్టిలోనే కలిసిపోతుంది.

బస్తా తిరిగొస్తుంది, పొట్లం రాదు

ఇప్పుడు ఈ ప్రాంతం ఒక మలుపు దగ్గర ఉంది. గిట్టుబాటు ధర కోసం, పసుపు బోర్డు కోసం ఇక్కడి రైతులు ఏళ్ల తరబడి పోరాడారు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ స్థానంలో 185 మంది బరిలో నిలిచారు, వారిలో అత్యధికులు రైతులే. చివరికి 2025 జనవరి 14న జాతీయ పసుపు బోర్డు ప్రారంభమైంది. అదే ఏడాది జూన్ 29న నిజామాబాద్‌లో దాని ప్రధాన కార్యాలయం తెరుచుకుంది. కొమ్ములు అమ్మడంతో ఆగకుండా పొడి చేసి, పొట్లం కట్టి అమ్మితే రైతుకు నాలుగు రూపాయలు ఎక్కువ వస్తాయన్నది అందరి ఆశ. ఆ ఆశ న్యాయమైనదే.

అయితే ఆ పొట్లం దేనితో చేస్తారు? వెలుతురు తగిలితే పసుపు పొడి రంగు తగ్గుతుంది, చెమ్మ తగిలితే చెడుతుంది. అందుకే ప్లాస్టిక్, అల్యూమినియం పొరలను ఒకదానికొకటి అంటించిన మెరుపు పొట్లాలు వాడుతుంటారు. సరుకును అవి బాగానే కాపాడతాయి. కానీ ఆ పొరలను విడదీయడం సులభం కాదు. అందుకే చెత్త ఏరుకునేవాడు వాటిని వదిలేస్తాడు, కబాడీవాడు తూకానికి తీసుకోడు. బస్తా తిరిగొచ్చేది, ఈ పొట్లం మోరీలో తేలుతుంది. పొట్లాల చెత్త బాధ్యత వాటిని అమ్మే కంపెనీలదేనని 2016 నాటి ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనలు చెప్పాయి. 2022 మార్గదర్శకాలు దాన్ని మరింత వివరించాయి. అయినా చట్టం వచ్చేది పొట్లం పుట్టాక. పొట్లం పుట్టకముందే ఆలోచించేదే రూపకల్పన.

మన చేతిలో ఉన్నది

మొదటిది, కొమ్ములు కొనుక్కోవడం. ఏడాదికి సరిపడా కొమ్ములు తెచ్చి, కావలసినప్పుడు కొంచెం కొంచెంగా గిర్నీలో పట్టించుకుని స్టీలు డబ్బాలో పోసుకుంటే పొట్లం అవసరమే ఉండదు. కల్తీ భయమూ తగ్గుతుంది, గిర్నీవాడికీ బేరం దొరుకుతుంది.

రెండోది, పొట్లం కట్టక తప్పని వాళ్లు ఒకే రకం ప్లాస్టిక్‌తో చేసినదాన్ని ఎంచుకుని, వెలుతురు తగలకుండా అట్టపెట్టెలో పెట్టవచ్చు. ఊళ్లోని దుకాణాలకైతే తిరిగి తీసుకునే డబ్బాల్లోనే ఇవ్వవచ్చు. బీడీల మీద బతుకుతున్న మన ఆడవాళ్ల చేతికి గుడ్డ సంచులు కుట్టే పని దొరికితే అంతకంటే కావలసిందేముంది? ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి. ఎరువుల సంచులను, మందుల డబ్బాలను తిండి సరుకుకు వాడకూడదు. మళ్లీ వాడుకోవడమంటే ఏది పడితే అది వాడుకోవడం కాదు.

మూడోది, ఏది కొన్నా విప్పడానికి వీలుందా, విడిభాగాలు దొరుకుతాయా అని దుకాణదారుణ్ణి అడగడం. ఫ్రాన్స్‌లో 2021 జనవరిలో ఫోన్లు, టీవీల వంటి వాటిని ఎంత సులువుగా బాగుచేయవచ్చో పదికి మార్కులు వేసి కొనేవాళ్లకు చూపడం మొదలుపెట్టారు. మన ప్రభుత్వం కూడా 2022 డిసెంబర్‌లో మరమ్మతు హక్కు కోసం ఒక పోర్టల్ తెరిచింది. వ్యవసాయ యంత్రాలు, ఫోన్లు, ఇంటి సామాన్లు, వాహనాలు దాని పరిధిలోకి వస్తాయి. మన బస్తీల్లో మోటార్లు చుట్టేవాళ్లకు, వెల్డింగు చేసేవాళ్లకు, కుట్టు మిషన్లు బాగుచేసేవాళ్లకు ఇది కేవలం పర్యావరణం మాట కాదు, రోజీరోటీ మాట. విప్పలేని వస్తువు ఇంట్లోకి వచ్చిన ప్రతిసారీ వాళ్ల దుకాణానికి ఒక బేరం తగ్గుతుంది.

ఇస్రాఫ్ అంటే దుబారా అని చిన్ననాటి నుంచీ వింటున్నాం. కానీ ఆ మాటను వజూ దగ్గర నల్లా కట్టేయడంతోనే, పళ్లెంలో మెతుకు మిగల్చకపోవడంతోనే ఆపేస్తున్నాం. కొనే ముందు వస్తువును తిప్పి చూసి, దీని కుట్టు ఎక్కడుంది, దీన్ని విప్పేదెవరు అని అడగడం కూడా ఆ పాఠంలో భాగమే కదా! ఈ ప్రశ్న మన పిల్లలకు ఇప్పటి నుంచే అలవాటు చేద్దాం. రేపు ఈ ప్రాంతంలో పసుపు పొడి మిల్లు పెట్టేది, పొట్లం ఎలా ఉండాలో నిర్ణయించేది వాళ్లలో ఒకరే కావచ్చు.