నేలను చదవాలంటే లెక్కలు వదలకండి

బోరు పాయింటు చూపించడానికి పొలంలోకి వచ్చేవాళ్లు రెండు రకాలు. ఒకరు అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నడుస్తారు. మరొకరు నాలుగు ఇనుప ఊచలు వరుసగా నేలలో దిగ్గొట్టి, బయటి రెండింటికి కరెంటు ఇచ్చి, లోపలి రెండింటి మధ్య వోల్టేజీ కొలుస్తారు. ఊచల మధ్య దూరం పెంచేకొద్దీ ఇంకా లోతు సంగతి తెలుస్తుంది. గట్టి గ్రానైట్ కరెంటుకు బాగా అడ్డుపడుతుంది. పగుళ్లలో నీరుంటే ఆ అడ్డు తగ్గుతుంది. ఇంటర్ ఫిజిక్స్‌లో మార్కుల కోసం చదివే ఓమ్ నియమమే ఇక్కడ రైతు అప్పుపాలు కాకుండా కాపాడేది. ఇలా కొలిచే శాస్త్రం జియోఫిజిక్స్. ఆ రాయి ఏమిటి, దాని పగుళ్లు ఏ దిక్కుకు పోతున్నాయి అని చెప్పేది జియాలజీ.

రెండూ ఒకే నేల గురించినవే అయినా, వాటిలోకి వెళ్లే దారులు ఇంటర్ దగ్గరే విడిపోతాయి. జియాలజీ ఉన్న బీఎస్సీలో బైపీసీ వాళ్లకూ చాలాచోట్ల చోటుంటుంది. జియోఫిజిక్స్‌కు మాత్రం లెక్కలు, ఫిజిక్స్ లేకుండా కుదరదు. ఆంధ్ర, ఉస్మానియా యూనివర్సిటీల్లో ఆ పీజీ చదవాలంటే డిగ్రీలో ఆ రెండూ ఉండాలి. అందుకే నా సలహా ఒక్కటే: మ్యాథ్స్, ఫిజిక్స్, జియాలజీ మూడూ కలిపి చదివే వీలున్న కాలేజీ వెతకండి. రెండు తలుపులూ తెరిచే ఉంటాయి. జియాలజీ బట్టీపట్టి గట్టెక్కే సబ్జెక్టని చెప్పేవాళ్ల మాట వినకండి. భూకంప తరంగం ఏ పొరలో ఎంత వేగంతో వెళ్లిందో తేల్చేది లెక్కే.

జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో ర్యాంకు వస్తే ఖరగ్‌పూర్, రూర్కీ, ధన్‌బాద్ ఐఐటీల్లో ఇంటర్ తర్వాత నేరుగా ఈ చదువుల్లో చేరవచ్చు. బీఎస్సీ అయ్యాక ఐఐటీకి వెళ్లాలనుకుంటే జామ్ పరీక్షలో జియాలజీ పేపరుంది.

ఇక తరగతిలో చెప్పేదేమిటి? స్ఫటికాలు, ఖనిజాలు, శిలలు, మడతలు, భ్రంశాలు, శిలాజాలు. రాతిని 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీసి సూక్ష్మదర్శిని కింద పెడితే, నల్లగా మొద్దుగా కనిపించిన ముక్కే రంగులతో నిండిపోతుంది. ఏ ఖనిజమో ఆ రంగులే చెబుతాయి. కానీ అసలు చదువు కొండ మీద ఉంది. తిరుమల ఘాట్ రోడ్డునే చూడండి. కింద ప్రాచీన గ్రానైట్, దాని మీద కడప పొరల క్వార్ట్‌జైట్. రెండూ ఆనుకునే ఉంటాయి, నడుమ దాదాపు 80 కోట్ల ఏళ్ల చరిత్ర మాత్రం గల్లంతు! బస్సులో లక్షల మంది ఆ గీతను దాటిపోతారు. సుత్తి, భూతద్దం, పొరల వాలు కొలిచే క్లినోమీటరు పట్టుకుని అక్కడ ఒక్క పూట నిలబడిన విద్యార్థికి పాఠ్యపుస్తకం వేరేగా అర్థమవుతుంది. ఫీల్డ్ వర్క్ లేకుండా ఇచ్చే జియాలజీ డిగ్రీని నేను డిగ్రీగా లెక్కపెట్టను. ఒకే ఊళ్లో రెండు రోజులు తిప్పి సర్టిఫికెట్ ఇవ్వడం పిల్లలకు చేసే అన్యాయం.

తల్లిదండ్రులకు ముందే చెప్పాల్సిన సంగతి మరొకటుంది. మూడు నాలుగేళ్ల డిగ్రీతో పెద్ద ఉద్యోగం రాదు. యూపీఎస్సీ జియో సైంటిస్ట్ పరీక్షకు పీజీ తప్పనిసరి. జియోఫిజిసిస్ట్ పోస్టుకు ఫిజిక్స్ పీజీ చేసినవాళ్లూ పోటీపడతారు. 1851లో పుట్టిన జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా నడిపే శిక్షణ సంస్థ, 1961లో మొదలైన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ), యురేనియం వెతికే అణు ఖనిజ సంచాలనాలయం ప్రధాన కార్యాలయం అన్నీ హైదరాబాద్‌లోనే ఉన్నాయి. ఇంత దగ్గరున్నా మన పిల్లల్లో చాలామందికి వీటి పేర్లు తెలియకపోవడం బాధాకరం. అమ్మాయిలకు ఇది కుదరదనే మాట కూడా పాతబడింది. భూగర్భ గనుల్లో మహిళల పనిపై ఉన్న నిషేధాన్ని 2019లోనే సడలించారు.

డిగ్రీ వెబ్ ఆప్షన్లు పెట్టే ముందు ఆ కాలేజీకి ఒకసారి వెళ్లి రండి. ల్యాబులో సూక్ష్మదర్శినులు పనిచేస్తున్నాయా, ఫీల్డుకు ఏటా ఎన్ని రోజులు తీసుకెళ్తారు అని అడగండి. సూటిగా జవాబు రాకపోతే ఆ కాలేజీని జాబితాలోంచి కొట్టేయండి.